కొట్లో బతికి ఇంట్లో చచ్చే కంప్యూటర్

"మూడు గంటలు ఆగాలి," అన్నాడు ఓరెస్ట్, తలెత్తకుండానే.

"దేనికి?"

"చెమ్మ ఆరడానికి."

అడిగిన అమ్మాయి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. సీపీయూని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, తలుపుని నడుంతో నెట్టుకుంటూ వచ్చింది. బయట మైనస్ ముప్ఫై రెండు. కనురెప్పల మీద మంచు ఇంకా కరగలేదు.

"చలిలోంచి తెచ్చిన పెట్టెని వేడి గదిలో పెట్టగానే లోపలంతా చెమ్మ పడుతుంది. అప్పుడు స్విచ్ నొక్కితే ఉన్నది కాస్తా కాలిపోతుంది. అందుకని ముందు మూడు గంటలు పక్కన పెడతాను. ఇది ఈ షాపు రూలు."

"నేను పుట్టిందే ఈ ఊళ్ళో. చలి గురించి నాకు క్లాసు పీకక్కర్లేదు."

"మరింకేం. తెలిసిందే కదా, కూర్చోండి."

"ప్రాణం పోతున్న మనిషిని తీసుకెళ్తే ఆసుపత్రివాళ్ళు కూడా ముందు చెమటారనివ్వండి అంటారా?"

"మనిషికి స్విచ్ ఉండదండీ."

అని, అప్పుడు తలెత్తాడు. ఎత్తకుండా ఉండాల్సింది. చలికి ఎర్రబడ్డ ముక్కు, కోపానికి ఎర్రబడ్డ బుగ్గలు, ఇప్పుడే కొడుతుందేమో అన్నట్టున్న బూడిదరంగు కళ్ళు. ఓరెస్ట్ చేతిలోని స్క్రూ జారి బల్ల కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతికే నెపంతో కాసేపు బల్ల కిందే ఉండిపోయాడు.

ఓరెస్ట్ మెల్నిచుక్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. విన్నిపెగ్ నగరంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తూ, పై అధికారితో గొడవపడి, సరస్సు ఒడ్డునున్న ఈ సాండ్విక్ అనే చిన్న ఊరికి వచ్చి పదకొండు నెలలైంది. మేనమామ మూసేసిన కార్ల గరాజ్‌లో సగానికి అడ్డుగోడ కట్టి షాపు పెట్టాడు. పనిమంతుడే, కాదనను. కాకపోతే తన పని మీద తనకున్న నమ్మకం ఆ షాపులో పట్టేది కాదు. బోర్డు మీద పేరు కింద 'ఇక్కడికి రెండోసారి రానక్కర్లేదు' అని కూడా రాయించుకున్నాడు. అలా రాయించుకున్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు గట్టిగా తగలాల్సిందే.

ఆ అమ్మాయి పేరు సిగ్రూన్ హాల్‌సన్. ఇనప కుర్చీలో కూర్చుని, సంచీలోంచి ఊలు తీసి అల్లడం మొదలుపెట్టింది. మూడు గంటలూ అల్లుతూనే ఉంది. సూదుల చప్పుడు మాత్రం తిట్టినట్టే వినిపించింది. అతను పెట్టిన కాఫీ పెట్టిన చోటే చల్లారిపోయింది.

మూడు గంటలయ్యాక స్విచ్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది, కుయ్యిమని మూడుసార్లు కూసింది, స్క్రీను మాత్రం నల్లగా ఉండిపోయింది.

"ర్యామ్," అన్నాడు. పలక ఊడదీసి, దాని బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా మళ్ళీ నొక్కాడు. బొమ్మ వచ్చింది.

"పది నిమిషాలు! పది నిమిషాల పనికి నన్ను మూడు గంటలు కూర్చోబెట్టారు!"

"పది నిమిషాల్లో చేయడం నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది. మీరు మూడు గంటలకే గింజుకుంటున్నారు."

ఆమె స్క్రీను వైపు తిరిగింది. స్క్రీను నిండా చిన్న చిన్న గళ్ళు, ఎరుపూ తెలుపూ. ఊలు చేతితొడుగు మీది డిజైను.

"ఏంటండీ ఇది?" అని అడిగాడు ఓరెస్ట్.

"ఒక్కో గడి ఒక్కో కుట్టు. వెనకటి రోజుల్లో సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళల్లో ఒక్కో ఇంటికి ఒక్కో డిజైను ఉండేది. మంచు మీద తొడుగు దొరికితే అది ఎవరింటిదో తెలిసిపోయేది. మా అమ్మమ్మ నలభై ఇళ్ళవి చిత్తు కాగితాల మీద గీసి దాచింది. పుస్తకం వేద్దామని రెండేళ్ళుగా అవన్నీ ఇందులోకి ఎక్కిస్తున్నాను. మార్చి రెండో శుక్రవారం మధ్యాహ్నానికల్లా ప్రెస్సుకి పంపాలి. తప్పితే మళ్ళీ అక్టోబరు దాకా వాళ్ళకి ఖాళీ లేదట."

"అయితే అక్టోబరులో పంపొచ్చు కదా?"

"అమ్మమ్మకి ఎనభై తొమ్మిది," అంది సిగ్రూన్.

ఓరెస్ట్‌కి మనసు కరిగింది. మగవాడి మనసు కరిగితే ఊరుకోదు కదా, ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. "ఇంట్లో దీన్ని దేనికి తగిలిస్తారు?" అని అడిగాడు.

"నా బల్ల గాజు వరండాలో. గోడకున్నవి రెండే ప్లగ్గులు. ఒకదానికి స్క్రీను. రెండోదానికి పడవల షెడ్డులోంచి తెచ్చిన పాత తీగ పెట్టి, దానికి ఇదీ ప్రింటరూ."

"ఆ తీగే ఏదో రోజు దీని ప్రాణం తీస్తుంది. అవతల పారేయండి." సొరుగు లాగి, చేతికందిన తెల్ల ప్లగ్గు ఒకటి తీసిచ్చాడు. గుప్పెడంత ఉంది, ఒకేసారి రెండు తీగలు పెట్టుకోవచ్చు. "ఇది పెట్టుకోండి. ఉత్తినే."

సిగ్రూన్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుతో అతనికి పది రోజులు గడిచిపోయాయి.

పదకొండో రోజు ఫోన్ మోగింది.

"మీరు బాగుచేసిన పెట్టె చచ్చిపోయింది."

"కూస్తోందా?"

"కుయ్యదు, తిరగదు, లైటు కూడా లేదు. స్విచ్ నొక్కితే రాయిని నొక్కినట్టుంది."

"ప్లగ్గులో కరెంటు ఉందా?"

"నేను చిన్నపిల్లలా కనిపిస్తున్నానా?"

"అలా కాదండీ. అది ఊడదీసి, అదే ప్లగ్గుకి దీపం పెట్టి చూడండి."

అడుగుల చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. "పెట్టాను. గోడ ప్లగ్గులో దీపం దివ్యంగా వెలుగుతోంది. ఇంకేమన్నా పరీక్షలున్నాయా?"

పెట్టెని తెచ్చింది. ఈసారి అడక్కుండానే మూడు గంటలు కూర్చుంది. స్విచ్ నొక్కాడు. నొక్కీ నొక్కగానే లేచింది.

సిగ్రూన్ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాటలు వరసగా వచ్చాయి. "ఈ పది రోజులూ ఇదే వరస. పొద్దున్నే బాగానే లేస్తుంది. నేను హీటర్ పెట్టుకుని కూర్చుంటాను. అరగంటకి టప్పున పోతుంది. మళ్ళీ లేవదు. నిన్న ఒక తొడుగు సగం గీశాక పోయింది, అంతా మళ్ళీ గీయాలి. అసలు దీని బాధేంటి?"

"హీటర్ ఎక్కడ పెడతారు?"

"వంటింటి ప్లగ్గులో. మీ అనుమానాలన్నీ నాకూ వచ్చాయి, చూశాను."

"చల్లగా ఉంటే నడిచి, వెచ్చబడితే పోతోందంటే లోపల వేడెక్కుతోందన్నమాట." దుమ్మంతా ఊదాడు. ఫ్యాను మార్చాడు. రోజంతా నడిపించి చూశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"మీ షాపు మా వరండా కంటే వేడిగా ఉంది," అంది సిగ్రూన్, తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు. "వేడికి పోయేదైతే ఇక్కడెందుకు పోలేదు?"

మంచి ప్రశ్న. సమాధానం లేని ప్రశ్న అడిగితే ఓరెస్ట్‌కి ఒళ్ళు మంట. "తీసుకెళ్ళి చూడండి ముందు," అన్నాడు ముక్తసరిగా.

ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాడు. పెట్టె గురించి కొంచెం, ఆమె గురించి ఎక్కువ. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒక వెధవ ఆలోచన కూడా చేశాడు. షాపుకి రాగానే బాగైపోతుంది, ఇంటికెళ్ళగానే పాడైపోతుంది. ఒకవేళ పాడైంది పెట్టె కాదేమో! అలా అనుకుని, ఒక్కడే ఉన్నా సిగ్గుపడి, సిగ్గుపడుతూనే సంతోషించాడు.

మూడోసారి ఆమె వచ్చింది సోమవారం నాడు. శుక్రవారానికి నాలుగు రోజులుంది. షాపులో మరో ఇద్దరున్నారు. ఒకాయన బెర్నీ, కర్లింగ్ అనే మంచు ఆట ఆడే హాల్లో కాఫీ అమ్ముతాడు. కాఫీతో పాటు ఊరి కబుర్లు కూడా ఆయన దగ్గరే దొరుకుతాయి. రెండో ఆవిడ యాకిమ్ మేడమ్, స్కూలు ప్రిన్సిపాల్. వేసవి సెలవుల్లో స్కూల్లోని అరవై కంప్యూటర్లూ ఓరెస్ట్‌కి అప్పజెప్పాలా వద్దా అని చూడ్డానికి వచ్చింది. ఆ పని దొరికితే షాపు నిలబడుతుంది. దొరక్కపోతే మళ్ళీ విన్నిపెగ్ దారి పట్టడమే.

ధన్‌మని పెట్టెని బల్ల మీద పెట్టింది సిగ్రూన్.

"మూడోసారి," అంది. "బయట బోర్డు మీద ఏం రాయించారో ఒకసారి పైకి చదవండి."

ప్రిన్సిపాల్ కళ్ళజోడు సర్దుకుంది. ఓరెస్ట్ చెవులు వేడెక్కాయి.

"అరిచినంత మాత్రాన బాగుపడదండీ. మూడు గంటలు..."

"మూడు గంటలు కార్లో హీటర్ వేసుకుని కూర్చుని, వెచ్చబడ్డాకే తెచ్చాను. నొక్కండి."

నొక్కాడు. లేచింది. అప్పటిదాకా గీసిన తొడుగులన్నీ వరసగా, ముద్దుగా, ఏ పాపమూ ఎరగనట్టు స్క్రీను మీద నిలబడ్డాయి.

బెర్నీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమ్మా సిగ్రూన్, ఈ అబ్బాయి మొహం చూడగానే రోగం కుదిరిపోతోందే! ఇంతకీ రోగం పెట్టెకా, నీకా?"

సిగ్రూన్ మొహం కందిపోయింది. ఇక్కడ మనవాడు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. లేదా, బెర్నీని ఒక్క కసురు కసిరితే ఇంకా బాగుండేది. కానీ ప్రిన్సిపాల్ చూస్తోంది. పరువు పోతోంది. పరువు పోయేటప్పుడు మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు.

"నాకూ అదే అనుమానం," అన్నాడు నవ్వుతూ. "పెట్టెలో లోపమేమీ లేదు మేడమ్. ఈవిడకి షాపు నచ్చినట్టుంది."

ప్రిన్సిపాల్ కూడా చిన్నగా నవ్వింది.

సిగ్రూన్ నవ్వలేదు. అరవలేదు కూడా. తీగలు ఒక్కొక్కటే ఊడదీసింది. పెట్టెని దుప్పట్లో చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మా అమ్మమ్మ పుస్తకం పోతోందని ఏడుస్తూ వచ్చాను నీ దగ్గరికి. నువ్వేమో నీ కోసం వస్తున్నాననుకున్నావు. పని రానివాడైతే క్షమించేదాన్ని. నువ్వు పని రానివాడివి కాదు, మనిషివి కావు."

అంతవరకూ 'మీరు' అని గౌరవంగా పిలిచిన నోరు అది. ఆ 'నువ్వు' ఓరెస్ట్‌కి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

మంగళవారానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. సిగ్రూన్ బ్రెడ్డు కొనడానికి వెళ్తే, "పెట్టె బాగుందా అమ్మాయ్?" అని కన్ను కొట్టారట. పోస్టాఫీసులోనూ అదే. ఎవరో చెబుతుంటే విని ఓరెస్ట్ రెండు రోజులు కనిపించిన ప్రతివాడి మీదా విసుక్కున్నాడు. అసలు విసుక్కోవలసింది ఎవరి మీదో తెలుసు కాబట్టే అంత విసుగు.

గురువారం పొద్దున్న ఫోన్ వచ్చింది.

"నేను హల్డోరాని. సిగ్రూన్ అమ్మమ్మని."

"చెప్పండి మామ్మగారూ."

"మా ఇంటికి రా."

"నేను ఇళ్ళకి వెళ్ళి చెయ్యనండీ. పరికరాలన్నీ..."

"నువ్వొస్తావా, నన్ను రమ్మంటావా? నేనొస్తే కర్రతో వస్తాను."

వెళ్ళాడు.

ఇల్లు సరస్సు పక్కనే. హల్డోరా మామ్మ తలుపు తీసి, కర్రతో వరండా తలుపు చూపించింది.

లోపల చీకటిగా ఉంది. మూడు వైపులా గాజు కిటికీలు, ప్రతి కిటికీకీ మేకు కొట్టి వేలాడదీసిన బొంత. ఎదురుగా బల్ల దగ్గర, బొచ్చు కోటూ, టోపీ, వేళ్ళు కత్తిరించిన తొడుగులూ వేసుకుని సిగ్రూన్ గీస్తోంది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. హీటర్ ఆపేసి ఉంది.

"ఎందుకొచ్చావు?" అంది తిరక్కుండానే.

"మామ్మగారు పిలిచారు. ఇదేంటి, ఈ చలిలో..."

"చల్లగా ఉన్నంతసేపే ఇది నడుస్తుంది. ఎండొస్తే చస్తుంది, అందుకే బొంతలు. హీటర్ పెడితే చస్తుంది, అందుకే కోటు. తెల్లారకముందు ఐదింటికి కూర్చుంటున్నాను. ఇంకా నాలుగిళ్ళున్నాయి. పక్కకి జరుగు, తలుపు తెరిస్తే వెచ్చదనం వచ్చేస్తోంది." చెప్పి దగ్గింది. ఆగకుండా దగ్గింది.

ఆమె వేళ్ళ చివర్లు నీలంగా ఉన్నాయి. రెండోసారి షాపుకి వచ్చినప్పుడే ఈ మనిషి ఓరెస్ట్‌కి చెప్పింది, చల్లగా ఉంటేనే నడుస్తోందని. తను ఆ మాట సరిగ్గా పట్టించుకోలేదు. చలిలోనే నడిచే కంప్యూటర్ లోకంలో ఉంటుందా? ఉండదు. మరి చలిలోనే నడిచేది ఏది?

మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందికి దూరాడు. పెట్టె తీగ వెంట వెనక్కి వెళ్ళాడు. గోడ దగ్గర, పెట్టె తీగకీ గోడ ప్లగ్గుకీ మధ్య, గుప్పెడంత తెల్ల ప్లగ్గు. తను ఉత్తినే ఇచ్చింది.

దాన్ని తిప్పి చూశాడు. వెనకాల అరిగిపోయిన అక్షరాలు, మంచు గుర్తు.

ఆ ఊళ్ళో చలికాలం కార్లకి కూడా కరెంటు పెడతారు, లేకపోతే పొద్దున్న ఇంజిను లేవదు. ఈ తెల్ల ప్లగ్గు ఆ పని కోసం చేసినది. గడ్డకట్టే చలి ఉంటేనే కరెంటు వదులుతుంది, కాస్త వెచ్చబడితే తనంతట తనే ఆపేస్తుంది. సాండ్విక్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. మేనమామ కార్ల సొరుగులోంచి, చూసుకోకుండా, అమ్మాయి నవ్వుతుందని తీసిచ్చేశాడు. దీపం పెట్టి చూడమంటే ఆమె ఈ ప్లగ్గు కూడా ఊడదీసి గోడకే పెట్టి చూసింది. షాపుకి మోసుకొచ్చిన ప్రతిసారీ దీన్ని ఇక్కడే వదిలి వచ్చింది. ఇంకెక్కడ దొరుకుతుంది లోపం!

"ఏమైంది?" పైనుంచి సిగ్రూన్ అడిగింది. "ఏం కనిపించింది?"

చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. అరవై కంప్యూటర్లు గుర్తొచ్చాయి, బోర్డు గుర్తొచ్చింది, 'మనిషివి కావు' అన్న మాట గుర్తొచ్చింది. ప్లగ్గు కోటు జేబులోకి జారిపోయింది.

"ఇక్కడ... గోడ ప్లగ్గు వదులుగా ఉంది. సరిచేశాను," అన్నాడు. పెట్టె తీగని నేరుగా గోడకి పెట్టాడు. ప్రింటరుకి చోటు లేకుండా పోయింది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

హీటర్ పెట్టారు. బొంతలు తీశారు. ఎండ గదంతా నిండింది. అరగంట గడిచింది, గంట గడిచింది. పెట్టె ఆగలేదు.

సిగ్రూన్ టోపీ తీసింది, కోటు తీసింది. తర్వాత ఓరెస్ట్ కలలో కూడా ఊహించని పని చేసింది. అతని ఎదురుగా వచ్చి నిలబడి, నేల చూపులు చూస్తూ, "క్షమించండి. ఆ రోజు చాలా మాటలన్నాను. తప్పు మా గోడదే," అంది.

మళ్ళీ 'మీరు'. హల్డోరా మామ్మ కాఫీ పోసిస్తే ఓరెస్ట్ నాలుక కాలేలా ఒక్క గుక్కలో తాగి బయటపడ్డాడు. దారిపొడుగునా తనని తనే తిట్టుకున్నాడు, ఆ తిట్లు ఇక్కడ రాయడానికి పనికిరావు.

శుక్రవారం పదకొండున్నరకి నలభై ఇళ్ళూ ప్రెస్సుకి వెళ్ళిపోయాయి.

శనివారం సాయంత్రం ఐదింటికి కర్లింగ్ హాల్లో ఏటా పెట్టే చేపల విందు. ఊరంతా వచ్చింది. పొడుగాటి బల్లలు, వేపుడు చేపలు, బంగాళదుంపలు. ఓరెస్ట్ ఒక మూల కూర్చుని పళ్ళెంలోది కెలుకుతున్నాడు. యాకిమ్ మేడమ్ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పుస్తకం వెళ్ళిపోయిందటగా. లోపం మీరే పట్టుకున్నారని విన్నాను. సోమవారం స్కూలుకి రండి, కాగితాల మీద సంతకాలు చేద్దాం."

"అలాగే మేడమ్," అన్నాడు. అన్నాడే గానీ, చెయ్యి జేబులోని తెల్ల ప్లగ్గు మీదికి పోయింది.

అంతలో బెర్నీ గొంతు. హాలు హాలంతా వినపడేలా.

"ఏమ్మా సిగ్రూన్! మూడుసార్లు నువ్వెళ్ళావు, చివరికి అబ్బాయినే ఇంటికి రప్పించుకున్నావు. పెట్టె బాగైపోయింది! పథకం బాగా పారిందే!"

బల్లలన్నీ గొల్లుమన్నాయి. ఓరెస్ట్ ఆమె వైపు చూశాడు. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు గిన్నె విసురుతుంది అనుకున్నాడు. కానీ సిగ్రూన్ తల వంచుకుంది. తప్పు మా గోడదే అని నమ్మింది కదా, ఇక దేన్ని పట్టుకుని తిడుతుంది? ముక్కు మీద కోపం ఉండే ఆ పిల్ల, చేయని తప్పుకి తల వంచుకుని బంగాళదుంప వైపు చూస్తోంది.

ఓరెస్ట్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. జేబులోంచి తెల్ల ప్లగ్గు తీసి, బెర్నీ ముందు బల్ల మీద ఠక్కున కొట్టాడు.

"ఇదేంటో చెప్పు."

బెర్నీ బిత్తరపోయాడు. "కారు ప్లగ్గు. చలికి నడిచేది. మా ఇంట్లో నాలుగున్నాయి. ఏం?"

"ఆవిడ కంప్యూటర్‌కి దీన్ని ఇచ్చింది నేను. నా చేత్తో. మొదటి రోజే. నావీ కళ్ళేనా, చూసుకోలేదు. ఇది వెచ్చగా ఉంటే కరెంటు ఇవ్వదు కాబట్టి ఆవిడ పెట్టె లేవలేదు. నా షాపుకి వస్తే మామూలు గోడ ప్లగ్గు కాబట్టి లేచింది. ఇందులో ఆవిడ తప్పు గోరంత లేదు. మూడు వారాలు తిప్పలు పడింది, తెల్లారకముందే లేచి చలిలో వేళ్ళు నీలుక్కుపోయేలా పని చేసింది నా మూలంగా. నేనేమో నా కోసం వస్తోందని మీ అందరి ముందూ నవ్వాను. నవ్వండి ఇప్పుడు! నా మొహం చూసి నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. వేపుడు మూకుడు చిటపటలు వంటింట్లోంచి వినిపిస్తున్నాయి.

"గురువారం చూశాను దీన్ని," అన్నాడు, ఈసారి సిగ్రూన్ వైపు తిరిగి, గొంతు తగ్గించి. "చూసి జేబులో దాచుకున్నాను. అబద్ధం చెప్పాను. మీరు క్షమించమంటే నోరు మూసుకుని కాఫీ తాగాను. షాపు పోతుందని భయం. అంతకంటే, మీరు మళ్ళీ నవ్వరేమోనని భయం."

యాకిమ్ మేడమ్ లేచి శాలువా సర్దుకుంది. "సోమవారం రాకండి. ఈ సంగతి నేను మళ్ళీ ఆలోచించాలి," అని వెళ్ళిపోయింది. అంటే ఏమిటో ఓరెస్ట్‌కి అర్థమైంది. అయినా ఆశ్చర్యంగా, రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

సిగ్రూన్ నడిచి వచ్చి ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది.

"గోడని అనుమానించాను," అంది మెల్లగా. "తీగని అనుమానించాను. ఫ్యానుని, హీటర్‌ని, చివరికి నా చేతుల్ని కూడా అనుమానించాను. దీన్ని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"నువ్విచ్చావని!"

ఆ చివరి మాట హాలు దద్దరిల్లేలా అరిచింది. అరిచాక గానీ తనేమందో తనకే అర్థం కాలేదు. బుగ్గలు జేవురించాయి. ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కాబట్టి బెర్నీ వైపు తిరిగింది. "నువ్వేంటి గుడ్లప్పగించి చూస్తున్నావు? నవ్వమన్నాడుగా, నవ్వు!"

బెర్నీ కాఫీ కెటిల్ పట్టుకుని వంటింట్లోకి పారిపోయాడు.

"అమ్మాయ్," అని పిలిచింది హల్డోరా మామ్మ, తన బల్ల దగ్గర్నుంచి. "ఆ అబ్బాయి పళ్ళెంలోది చల్లారిపోయింది. వేడిది పట్రా."

"నేను తేను."

"ఏయ్ అబ్బాయ్, నువ్విటురా. ఇక్కడ చోటుంది. ఊరందరి ముందూ తన తప్పు తనే చెప్పుకున్న మగాణ్ణి ఎనభై తొమ్మిదేళ్ళలో ఇద్దర్ని చూశాను. మొదటివాణ్ణి పెళ్ళి చేసుకున్నాను."

"అమ్మమ్మా!"

"నేనేమన్నాను? చేపలు తెమ్మన్నాను."

ఓరెస్ట్ వెళ్ళి మామ్మ పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. సిగ్రూన్ కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడి అతన్ని చురచుర చూసింది. కాసేపటికి విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. విసురుగానే తిరిగొచ్చింది. పొగలు కక్కుతున్న పళ్ళెం అతని ముందు ధన్‌మని పెట్టి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంకా కోపంగానే ఉందా?" అన్నాడు ఓరెస్ట్, పళ్ళెం వైపే చూస్తూ.

"ఉంది. చాలా ఉంది."

"ఎప్పటికి తగ్గుతుంది?"

"నాకేం తెలుసు," అంది సిగ్రూన్, అతని పళ్ళెంలోంచి చేప ముక్క ఒకటి తీసుకుంటూ. "దగ్గరుండి చూసుకో."